నా పెదవులు చూసిన దేవుడు

సహోదరులారా, సహోదరీలారా, పొద్దున లేచి తలుపు తీసినప్పటి నుంచి మళ్లీ తలుపు వేసుకునేదాకా ఒక్క మనిషి కూడా పేరు పెట్టి పిలవకపోతే ఎట్లా ఉంటుందో మీలో ఎంతమందికి తెలుసు? నాకు తెలుసు. సిరిసిల్లలో, మగ్గాల చప్పుడు ఆగని వీధిలో, ఇరుగు పొరుగు అంతా మా కులపువాళ్లే ఉన్న వీధిలో, ఎవరింట్లో ఏ కూర ఉడుకుతుందో గోడ అవతలి నుంచి వాసన వచ్చే వీధిలో నేను నెలల తరబడి అట్లా బతికాను. కిరాణా కొట్టుకు పోయి ఉప్పు అడిగితే ఉప్పు ఇచ్చేవాళ్లు, చిల్లర ఇచ్చేవాళ్లు, "ఎట్లున్నవ్" అన్న మాట మాత్రం ఉండేది కాదు. ఆ చీకట్లోంచి ప్రభువు నన్ను చెయ్యి పట్టి బయటికి తెచ్చాడు, అదీ సగం వేళ్లు పోయిన ఈ చెయ్యే పట్టుకుని తెచ్చాడు!

ఈ సంగతి మన సంఘ పత్రికకు రాయమని కోరుట్ల అమ్మగారు, అంటే మన పాస్టరు అయ్యగారి భార్య, చాలాసార్లు అడిగింది. నేను ప్రతిసారీ తప్పించుకున్నాను. నాకు రాయడం కుడిచేత్తోనే వచ్చు, ఆ చేతికి ఇప్పుడు కలం పట్టే వేళ్లు లేవు కదా అని సాకు చెప్పాను. చివరికి ఆమె "నువ్వు చెప్పు పద్మా, నేను రాస్త" అని కాగితాలు పట్టుకుని కూర్చుంది. ఇంక దారి లేక చెప్తున్నాను. ఇందులో తప్పులుంటే రాసిన ఆమెవి, మేలు కనబడితే దేవునిది.

నా పేరు పద్మ. మా ఆయన కూలికి సాంచాలు నడిపేవాడు. సాంచాలంటే మరమగ్గాలు, మా సిరిసిల్ల మాట అది. ఊపిరితిత్తుల జబ్బు వచ్చి ఆయన పోయాడు, పిల్లలు లేరు, అత్తమామలు అంతకు ముందే పోయారు. బతకాలి కదా, శంకరయ్య అనే ఆసామి షెడ్డులో మిషన్ మీద నూలు కండెలు చుట్టే పనికి కుదిరాను. ఆసామి అంటే కొన్ని సాంచాలు సొంతంగా పెట్టుకుని, పెద్ద సేట్ల దగ్గర నూలు తెచ్చి, మాలాంటి వాళ్లతో బట్ట నేయించి అప్పజెప్పేవాడు. పెద్ద ధనవంతుడేమీ కాదు. ఆయన కూడా ఒకప్పుడు పక్క వీధిలో కూలికి నేసినవాడే, మా ఆయనతో కలిసి ఒకే షెడ్డులో చెమటోడ్చినవాడే. అందుకే నన్ను పద్మక్కా అని పిలిచేవాడు, నేను అన్నా అనేదాన్ని. ఎవరికి ఎవరు పెద్దో ఇద్దరికీ లెక్క లేదు.

ఇప్పుడు మీకు ఒక సంగతి చెప్పాలి, అది తెలియకపోతే నా సాక్ష్యం మీకు అర్థం కాదు. సాంచాలు ఆడుతుంటే పక్కన పిడుగు పడ్డా వినపడదు. చెవి దగ్గర నోరు పెట్టి అరిచినా సగమే చేరుతుంది. అందుకని మా దగ్గర ఎవరూ అరవరు, పెదవులతో మాట్లాడుకుంటారు. గొంతు బయటికి రాదు, పెదవులు మాత్రం మెల్లగా, విడమరిచినట్టు కదులుతాయి, ఎదుటివాళ్లు వాటిని చూసి చదువుకుంటారు, షెడ్డు ఆ చివర ఉన్నవాడు ఈ చివర ఉన్నవాడితో కూతురి పెళ్లి సంగతంతా మాట్లాడేస్తాడు, మధ్యలో ఉన్న కొత్తవాడికి ఒక్క ముక్క అంతుపట్టదు! పనిలో చేరిన కొన్నాళ్లకే ఎవరికైనా అది పట్టుబడుతుంది. పట్టుబడ్డాక ఇంక ఎన్నటికీ పోదు.

నా మిషన్‌కు ఎదురుగా రాజమణి మిషన్. నాకంటే చిన్నది, ఇద్దరు ఆడపిల్లల తల్లి, మొగుడు తాగుతాడు. పొద్దున ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నామంటే పొద్దు గూకేదాకా మా పెదవులు ఆగేవి కావు. కూరలు, కోడళ్లు, కాళ్ల నొప్పులు, దాని మొగుడు, నా మొగుడు, అన్నీ అయ్యేవి. ఆమె పిల్లలను చూసుకుని నా తర్వాత వచ్చేది, పని అయిపోగానే నాకంటే ముందే ఇంటికి ఉరికేది. మీరు నమ్మండి, అన్నేళ్లు కలిసి పని చేసినా ఆమె గొంతు ఎట్లా ఉంటుందో అప్పట్లో నాకు సరిగ్గా తెలియదు, పెదవులు మాత్రం కళ్లు మూసుకున్నా కనపడతాయి. అప్పుడప్పుడు ఆసామి పిసినారితనం గురించి కూడా మాట్లాడుకునేవాళ్లం. శంకరయ్య వెనక నుంచి వచ్చి మా ముందు నిలబడి, ఆయన కూడా పెదవులతోనే, "నాకు తెల్వదనుకున్నరా?" అని నవ్వేవాడు. సాంచాల మీద పెరిగినవాడి దగ్గర ఏం దాస్తాం!

ఆ పని, ఆ నవ్వు, అన్నీ ఒక్క మధ్యాహ్నం అయిపోయాయి. సర్కారు చీరల ఆర్డరు మీద షెడ్డంతా పరుగులు పెడుతున్న రోజులు. నా మిషన్ బెల్టు జారుతుందని పొద్దున బాగు చేసి, పైన కప్పాల్సిన రేకు మళ్లీ పెట్టలేదు. తర్వాత పెడదాంలే అన్నారు. నేను తెగిన పోగు కోసం వంగాను, చీర కొంగు బెల్టు లాక్కుంది, కొంగును లాగబోయిన చెయ్యి దాని వెంట పోయింది. నేను అరిచాను. ఎంత అరిచానో దేవునికే తెలుసు, ఆ చప్పుడులో నా అరుపు నాకే వినపడలేదు! పక్కన సాంచాలు నడిపేవాళ్లు వీపు తిప్పుకుని వాళ్ల పని వాళ్లు చేసుకుంటున్నారు. రాజమణి ఒక్కతే తలెత్తి నా నోరు చూసింది. చూసి లేచి ఉరికి కరెంటు బందు చేసింది. ఆమె ఆ క్షణం తలెత్తకపోతే ఇప్పుడు మీకు సాక్ష్యం చెప్పడానికి పద్మ ఉండేది కాదు.

శంకరయ్య నన్ను ఆటోలో వేసుకుని దవాఖానకు తీసుకుపోయాడు, మొదటి కట్టు కట్టించాడు, అది అబద్ధమాడను. కానీ వేళ్లు నల్లబడ్డాయి. కోరుట్లలో ఉన్న మా అక్క వచ్చి నన్ను జగిత్యాల దవాఖానకు తీసుకుపోయింది, అక్కడ వేళ్లు తీసేశారు. కట్టు మానేదాకా అక్క ఇంట్లోనే ఉన్నాను. అక్క బీడీలు చుడుతుంది. ఆమెతో పాటు బీడీలు చుట్టే ఒక సహోదరి నా చెయ్యి చూసి, ఏమీ అడగకుండా తన గంప పక్కన పెట్టి, నా పక్కన కూర్చుని ఏడ్చింది. నాకంటే ముందు నా కోసం ఏడ్చిన మనిషి ఎవరి బిడ్డ అని తెలుసుకోవాలనిపించింది. ఆమె వెంటే మీ ప్రార్థన కూడికకు వచ్చాను, వాక్యం విన్నాను, ప్రభువే నా రక్షకుడని ఒప్పుకున్నాను. ఒట్టి మాట చెప్పను, ఆ రోజు నా చెయ్యి ఏమీ బాగుపడలేదు. కానీ నాకు కూడా ఒక తండ్రి ఉన్నాడని తెలిసింది.

అక్క ఇల్లు చిన్నది, ఎన్నాళ్లు ఉంటాను? సిరిసిల్లకు తిరిగి వచ్చి శంకరయ్య దగ్గరకు పోయాను. పని లేకుండా పోయిన నెలల పగారు, అంటే కూలి, ఇవ్వమని, చెయ్యి పోయినందుకు ఏదన్నా న్యాయం చేయమని అడిగాను. ఆయన నా కళ్లలోకి చూడలేదు. పక్కనున్న గోడతో మాట్లాడినట్టు మాట్లాడాడు.

"పద్మక్కా, నువ్వు నా కాడ పని చేసినవని ఏడ రాసున్నది? ఇయ్యాల నీకిస్త, రేపు అందరడుగుతరు. నేనేడికెల్లి తెస్త?"

నిజమే, ఎక్కడా రాసి లేదు. మా దగ్గర ఎవరి పేరూ ఎక్కడా రాసుకోరు, వారం పగారు చేతిలో పెడతారు, రేపు రమ్మంటారు, అంతే. అన్నా అని పిలిచిన నోటితో తిట్టలేక ఇంటికి వచ్చాను. ఆకలి కంటే ఎక్కువ నన్ను తినేసింది ఆ ఒక్క మాటే. నేను అక్కడ లేనట! చేతి వేళ్లు పోతే పోయాయి, నేను కూర్చున్న చోటు కూడా నాది కాకుండా పోయింది.

జగిత్యాల సంఘంలో దానియేలన్న అని ఒక వకీలు ఉన్నాడు. అమ్మగారు చెప్తే ఆయన నన్ను పిలిపించి, ఫీజు తీసుకోకుండా కార్మిక శాఖ ఆఫీసులో కేసు వేశాడు. వేసేటప్పుడే ఒక మాట స్పష్టంగా చెప్పాడు. "అక్కా, నువ్వు గా షెడ్ల పని చేసినవని, చెయ్యి గాడనే పోయిందని చెప్పేటోళ్లు ఒక్కరుండాలె. ఒక్కరుంటె చాలు. లేకుంటె కష్టం." ఆ ఒక్కరు ఎవరో నాకు తెలుసు. రాజమణి.

కేసు పడ్డదని తెలిసిన నాడే వీధి మొత్తం నాకు తలుపు వేసింది. సాటి కులపువాడి మీద, తిండి పెట్టినవాడి మీద కేసు పెట్టిందట, దేవుణ్ణి కూడా మార్చుకుందట, ఇక దానితో మనకేంటి అన్నారు. వాళ్లను తప్పు పట్టను, అందరి బతుకూ ఎవరో ఒక ఆసామి చేతిలోనే ఉంది. బోనాలకు పిలవలేదు, పెళ్లికి పిలవలేదు, అవి పోనీ. నల్లా దగ్గర నేను బిందె పెడితే నవ్వుకుంటున్నవాళ్లు నవ్వు ఆపేవాళ్లు, అది ఓర్చుకోలేకపోయేదాన్ని. ఎడమచేత్తో అన్నం వండుకోవడం నేర్చుకున్నాను, జడ వేసుకోవడం మాత్రం రాలేదు. ఎవరినన్నా వేయమందామంటే మనిషి లేదు. ఒక పొద్దున కత్తెర తీసి జుట్టు మెడదాకా నేనే కత్తిరించుకుని, అద్దంలో చూసుకుని, ఎవరో పక్కింటామె వచ్చిందనుకుని ఒక్క క్షణం సంతోషపడ్డాను. అంత ఒంటరిదాన్ని అయ్యాను సహోదరులారా!

నేను దేవునితో కూడా జగడం పెట్టుకునే రకం మనిషిని, అది అమ్మగారికి తెలుసు. మొదట్లో గట్టిగా ప్రార్థన చేసేదాన్ని, ఇంట్లో ఒక మనిషి గొంతు వినపడాలని, అది నా గొంతయినా సరే అని. "ప్రభువా, పైసలు తర్వాత. ముందుగాల ఒక్క మనిషిని పంపు. ఒక్క మనిషిని పంపుతె నీకేం తక్కువైతది?" అని అడిగేదాన్ని. బయట సాంచాలు ఆడుతూనే ఉండేవి, నా ప్రార్థన పైకప్పు రేకులు కూడా దాటనట్టు అనిపించేది. తర్వాత తర్వాత గొంతు కూడా అలసిపోయింది. షెడ్డులో రాజమణితో మాట్లాడినట్టు ఒట్టి పెదవులతోనే దేవునితో మాట్లాడటం మొదలుపెట్టాను. ఇది ప్రార్థన అవుతుందో కాదో అని భయమేసి అమ్మగారికి ఫోను చేస్తే ఆమె నవ్వి, బైబిలు వాక్యంలో పిల్లలు లేని ఒక స్త్రీ బిడ్డ కోసం మందిరంలో అట్లాగే పెదవులు మాత్రమే కదిపితే, యాజకుడు ఆమె తాగి ఉందనుకున్నా దేవుడు మాత్రం విన్నాడని చెప్పింది. ఆ రోజు నాకు కడుపు నిండా అన్నం తిన్నంత ధైర్యం వచ్చింది.

రాజమణి రోజూ పొద్దున టిఫిను డబ్బా పట్టుకుని నా గడప ముందు నుంచే పనికి పోయేది. తల తిప్పేది కాదు. వీధిలో వంద మంది తల తిప్పకపోయినా ఏమీ అనిపించలేదు, ఆమె తిప్పకపోతే మాత్రం ఆ పూట ముద్ద దిగేది కాదు. అయినా గడపలోనే కూర్చునేదాన్ని. ఒక పొద్దున ఆమె ఎదురుగా కిరాణా కొట్టు దగ్గర ఆగింది. కొట్టువాడు లోపలికి పోయాడు. ఆమె నా వైపు మొహం తిప్పింది. పెదవులు కదిలాయి.

"తిన్నవా అక్కా?"

చప్పుడు లేదు. వీధిలో ఎవరికీ తెలియదు. నాకు మాత్రం చెవులు గింగురుమన్నాయి! నేను కూడా పెదవులతోనే "తిన్న, నువ్వు తిన్నవా?" అన్నాను. తినలేదు నిజానికి. ఆమె పోయాక తిన్నాను, రెండు మారులు పెట్టుకుని తిన్నాను. ఆ తర్వాత ఆమె రోజూ ఆ కొట్టు దగ్గర ఒక్క నిమిషం ఆగేది. పిల్లకు జ్వరమని, మిషన్ మార్చారని, నా చోట ఎవరినో కూర్చోబెట్టారని చెప్పేది. ఒక్క మనిషిని పంపమని అడిగాను కదా, పంపాడు అనుకున్నాను.

కానీ ఆశ ఊరుకోదు. వారం గడవకుండానే ఒక పొద్దున నేను పెదవులతో అడిగేశాను. "ఆఫీసులకచ్చి నా తరపున చెప్తవా?" రాజమణి చప్పున తల తిప్పుకుంది. డబ్బా చంకలో పెట్టుకుని పోయింది. మరుసటి రోజు నుంచి ఆ వీధిలోకే రాలేదు, చుట్టూ తిరిగి పనికి పోయేది. ఉన్న ఒక్క మాటను నా చేతులారా నేనే పోగొట్టుకున్నాను. అంతకు ముందు ఒంటరితనం ఒక ఎత్తు, ఆ తర్వాతది ఇంకో ఎత్తు. ఒకసారి మాట రుచి చూశాక మౌనం తట్టుకోవడం చాలా కష్టం.

ఆ రోజుల్లోనే కాగితాల పని మీద దానియేలన్న దగ్గరకు జగిత్యాల పోతున్నాను. బస్సు వేములవాడలో కిక్కిరిసింది, రాజన్న గుడిలో మొక్కులు తీర్చుకుని వస్తున్న జనం. గుండు చేయించుకున్న చంటిపిల్లను ఎత్తుకున్న ఒక తల్లి నిలబడటానికి చోటు లేక, నన్ను అడగను కూడా అడగకుండా ఆ పిల్లను నా ఒళ్లో పడేసి, "జర పట్టుకో అవ్వా" అంది. ఆ పిల్ల తలకు పూసిన గంధం నా చీరకు అంటింది. కొండగట్టు దాటేదాకా నా ఒళ్లోనే నిద్రపోయింది. ఆమె ఎవరో, ఏ ఊరో తెలియదు, ఆమె దేవుడు వేరు, నా దేవుడు వేరు. అయినా ఆ బరువు నా ఒళ్లోకి పంపింది నా తండ్రేనని ఇప్పటికీ నమ్ముతాను. దిగేటప్పుడు నా కళ్లలో నీళ్లు చూసి ఆమె నేనేదో కష్టంలో ఉన్నాననుకుంది. కష్టం కాదు తల్లీ, ఎవరో నన్ను నమ్మి ఒక పని చెప్పారు, దానికి వచ్చిన ఏడుపు అది.

వాయిదాలు పడుతూ పడుతూ చివరి విచారణ రోజు వచ్చింది. పొద్దున ప్రార్థనలో ఏమీ అడగలేదు. "ప్రభువా, నువ్వు చూస్తున్నవని నాకు ఎర్కే. గంతే" అన్నాను. ఆఫీసుకు పోయేసరికి వరండాలో శంకరయ్య, ఆయన వకీలు, వాళ్ల పక్కన రాజమణి! దానియేలన్న లోపలికి పోయి కనుక్కుని వచ్చి నా పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పాడు. "అక్కా, గామె వాళ్ల సాక్షి. నువ్వు గా షెడ్ల పని చెయ్యలేదని చెప్పనీకె తీస్కచ్చిండ్రు." నా ప్రాణం నిలిపిన మనిషిని, నేను అక్కడ లేనే లేనని చెప్పించడానికి తెచ్చారు.

లోపల కేసు వినే సార్ బల్ల వెనక కూర్చున్నాడు. రాజమణిని ముందు నిలబెట్టారు. నేను గోడ పక్కన బల్ల మీద, శంకరయ్య నాకు ఎదురుగా తలుపు దగ్గర, ఆమె మొహం ఇద్దరికీ కనపడుతుంది. ఆ గది ఎంత నిశ్శబ్దంగా ఉందంటే ఫ్యాను తిరిగే చప్పుడు కూడా పెద్దగా వినపడుతుంది. శంకరయ్య వకీలు అడిగాడు, పద్మ అనే ఈమె ఆ షెడ్డులో పని చేసిందా అని. రాజమణి కొంగు మూల చేతిలో నలుపుతూ నిలబడింది. తలెత్తి నన్ను చూసింది. నిజం చెప్తే ఆ సాయంత్రమే ఆమె పని పోతుంది, తాగుబోతు మొగుడితో, ఇద్దరు పిల్లలతో ఏం తింటుంది? అబద్ధం చెప్తే నేను పోతాను. నేను ఆమెను బతిమాలాలి కదా, నిజం చెప్పు చెల్లీ అని అడగాలి కదా! అదే అడుగుదామని పెదవులు విప్పాను. కొంగు నలుపుతున్న ఆ చేతులు చూశాక వేరే మాట వచ్చింది. ఆ మాట నాది కాదు సహోదరులారా, నాకంత మంచితనం లేదు.

"భయపడకు," అన్నాను పెదవులతో. "నీ పని పోతది. నీకెట్ల వీలైతె గట్ల చెప్పు. నిన్నేమనుకోను."

సార్‌కు తెలియదు, వకీళ్లకు తెలియదు. రాజమణి చదువుకుంది. ఆమె కళ్లలో నుంచి నీళ్లు జారాయి. సార్ వైపు తిరిగింది. నోరు తెరిచింది. పెదవులు కదిలాయి, గొంతు మాత్రం బయటికి రాలేదు! భయానికి గొంతు పూడుకుపోయిందో, అన్నేళ్ల అలవాటో. నేను ఒక్కొక్క మాటా చదివాను. "అక్క నా ఎదురుంగనే కూసునేది. బెల్టుల చెయ్యి వడ్డది నేనే చూసిన. నేనే కరెంటు బందు చేసిన." మొత్తం చెప్పింది, ఒక్క ముక్క దాచకుండా చెప్పింది, గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు.

"గట్టిగ చెప్పమ్మా, ఏం వినవడ్తలేదు," అన్నాడు సార్.

ఆమె మళ్లీ అదంతా చెప్పింది, మళ్లీ అట్లాగే చెప్పింది. వకీలు నవ్వి, ఈమెకు ఏమీ తెలియదు సార్, అందుకే మాట రావడం లేదు అన్నాడు. సార్ కలం తీసి సాక్షి ఏమీ చెప్పలేదని రాసుకోబోయాడు. నేను లేచి అరవాలనుకున్నాను, ఆమె చెప్పింది, నేను చదివాను అని. కానీ నా మాట ఎవరు నమ్ముతారు? కేసు నాదే కదా. "ప్రభువా" అన్నాను. అంతకు మించి ప్రార్థన చేయడానికి సమయం లేదు.

అప్పుడు తలుపు దగ్గర నుంచి ఒక గొంతు వచ్చింది.

"ఆగుండ్రి సారూ. గామె చెప్పింది."

శంకరయ్య! ఆయన వకీలు గిర్రున వెనక్కి తిరిగాడు. సార్ కళ్లద్దాలు సరిచేసుకుని, "ఏం చెప్పింది? మాకెవ్వరికి వినవడలేదు గద," అన్నాడు.

"మాకు వినవడ్తది సారూ. సాంచాల కాడ మేం గిట్లనే మాట్లాడుకుంటం. పద్మక్క నా కాడనే పని చేసింది అన్నది. చెయ్యి నా షెడ్లనే పోయింది అన్నది."

"మరి మీరు ఇన్నాళ్లు కాదన్నరు. ఇప్పుడు ఒప్పుకుంటున్నరా?"

శంకరయ్య నన్ను చూడలేదు, రాజమణిని చూడలేదు. రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు. "చూసిన గద సారూ," అన్నాడు. "కండ్లార చూసి చూడలేదని ఎట్లంట?"

దేవునికే మహిమ! ఒక్క మనిషిని పంపమని ఎన్ని నెలలు అడిగాను! ఆయన పంపిన ఆ ఒక్క మనిషి మొదటి నుంచి ఆ గదిలోనే, నాకు ఎదురుగా, తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. నేను మనసులో తలుపు వేసేసిన మనిషి నోటి నుంచే నా మాట బయటికి రప్పించాడు!

తర్వాత సంగతి త్వరగా చెప్తాను. నా పని పోయిన నెలల పగారు, చెయ్యి పోయినందుకు పరిహారం ఇవ్వాలని సార్ ఉత్తర్వు రాశాడు. శంకరయ్య ఒక్కసారి ఇవ్వలేకపోయాడు, ఆయన పరిస్థితీ అంతంత మాత్రమే, విడతలుగా ఇచ్చాడు, ఎగ్గొట్టలేదు. రాజమణిని పనిలోంచి తీయలేదు. ఆ డబ్బుతో నేను ఇంటి ముందే కూరగాయలు పెట్టుకున్నాను, ఎడమచేత్తో తూకం వేయడం నేర్చుకున్నాను. వీధిలో కొందరు మాట్లాడుతున్నారు, కొందరు ఇంకా మాట్లాడరు, వంకాయలు మాత్రం కొంటారు. నెలకొకసారి కోరుట్ల కూడికకు వస్తాను. వేళ్లు మళ్లీ మొలవలేదు. వాతావరణం మారితే లేని వేళ్లు ఇప్పటికీ నొప్పి పెడతాయి.

కానీ ఆ రోజు ఆఫీసు మెట్ల మీద జరిగింది చెప్పకుండా ముగించలేను. శంకరయ్య మా ముందు నుంచి పోతూ ఆగాడు. నేల చూస్తూ, "పద్మక్కా, లోపల గామెతోని నువ్వన్నది నాకు తెల్వదనుకున్నవా?" అన్నాడు. ఆ పాత మాటే. ఈసారి నవ్వలేదు. ఆయన పోయాడు. రాజమణి, నేను మెట్ల మీద మిగిలాం. రోడ్డు ఖాళీగా ఉంది, ఎక్కడా ఒక్క సాంచా చప్పుడు లేదు. అన్నేళ్లలో మేమిద్దరం నిశ్శబ్దంలో పక్కపక్కన కూర్చోవడం అదే మొదటిసారి.

ప్రియమైనవారలారా, మీ నోట మాట రానంత కష్టంలో మీరుంటే, రాకపోయినా ఫర్వాలేదు, పెదవులు కదపండి. అవి కూడా కదపలేకపోతే ఊరికే ఆయన ఎదురుగా కూర్చోండి. ఆయన మీ మొహం చూస్తూనే ఉన్నాడు, ఆయనకు చప్పుడు అక్కరలేదు. ఆయనను నమ్మండి. మీ వీధిలో ఎవరూ మాట్లాడని ఒక మనిషి ఉంటే, ఆ మనిషి కేసు సంగతి, కులం సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు ఆ గడప దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ఆ ఒక్క నిమిషాన్ని తలుచుకుని నేను నెలలు బతికాను. నన్ను బతికించిన నా తండ్రికి, నా ఊపిరి ఉన్నంత కాలం వందనాలు.

ఆ మెట్ల మీద చాలాసేపటికి రాజమణి కొంగుతో కళ్లు తుడుచుకుని నా వైపు తిరిగింది. ఆమె గొంతు లావుగా ఉంటుందని ఎందుకో ఎప్పుడూ అనుకునేదాన్ని. కాదు, సన్నగా, చిన్నపిల్ల గొంతులా ఉంది.

"తిన్నవా అక్కా?" అంది, గట్టిగా, రోడ్డు మీద పోయేవాళ్లందరూ వినేటట్టు.